కుందేళ్ల డ్రమ్ములో పిల్లి వాటా

జూలై 20, ఆదివారం
ఉదయం 7: ఎరువు తయారీ మొదలు! ఏడో తరగతి దాకా చదివిన రోజారాణి చేతి ఎరువు!

మా ఆయన భానుప్రసాద్ ముచ్చటపడి రెండు కుందేళ్లు, ఒక పిల్లి తెచ్చాడు. తేవడం ఆయన వంతు. వాటి పెంట ఎత్తిపోయడం నా వంతు.

పశువుల డాక్టరమ్మను నిన్న అడిగాను. నా గొంతు ఆమెకు వినపడడానికి మూడుసార్లు అడగాల్సి వచ్చింది.

"కుందేలు గడ్డి తింటది. దాని పెంటికలతోని ఎరువు జేస్కో. పిల్లిది మాత్రం కూరల మడికి పెట్టకు. కంటికి కనవడని పురుగులుంటయ్. ఇంటి కుప్పల వేడికి అవి చావయ్. కడుపుతోని ఉన్నోళ్లకైతే లోపలి పిల్లకే ముప్పు."

నియమాలు:
నీలం డ్రమ్ములో కుందేళ్లది, ఎండాకు, కూరగాయల తొక్కు. అంతే.
పిల్లి దొడ్డికి కూర్చునే తట్టలోని ఇసుక పెరడు చివర గోతిలోకి. పైన మట్టి.
ఆరు నెలలు డ్రమ్ములోది ఎవరూ తీయొద్దు. (అత్తమ్మకు చెప్పాలి. రేపు.)

జూలై 22
ఆయన పార పట్టుకుని వీడియో తీయించుకున్నాడు. "మన ఎరువు మనమే జేస్కుందాం!" ఆ పట్టుకున్న తీరుకు కుందేళ్లు కూడా మొహం తిప్పుకున్నాయి. వీడియో కాగానే పార నా చేతికొచ్చింది.

జూలై 26
వాన. గొయ్యి దాకా బురద. పిల్లి ఇసుక డ్రమ్ములో పోశాను. ఒక్కసారే! పైన ఎండాకు కప్పాను. అయినా చిన్న పిల్లి. దానికెన్ని పురుగులుంటాయి?

జూలై 29
వాన. మళ్లీ ఒక్కసారే.

ఆగస్టు 2
వాన లేదు. అయినా డ్రమ్ములోనే. డాక్టరమ్మలకు భయపెట్టడం తప్ప పనేముంది?
అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. సీరియల్ చూస్తోంది. మధ్యలో ఎలా మాట్లాడతాం?

ఆగస్టు 5
బజారు నుంచి వచ్చేసరికి డ్రమ్ము సగం ఖాళీ! అత్తమ్మ కొత్తిమీర మడికి పోసేసింది.

"పెంట ఏదైతేంది పిల్లా? రోజు ఆవుపెంటతోని సాన్పి జల్లుతలేమా వాకిట్ల?"

నేనేం చేశాను? తల ఊపాను. ఊపాను!

ఆగస్టు 9, రాఖీ పున్నమి
చెన్నూరు నుంచి ఆడబిడ్డ అలేఖ్య వచ్చింది. నాలుగో నెల.

మధ్యాహ్నం 1: మామ, ఆయన, అలేఖ్య తినడానికి కూర్చున్నారు. ఈ ఇంట్లో కోడలు మామ ముందు నోరు విప్పదు. మూడేళ్లుగా మామకు నా గాజుల చప్పుడే తెలుసు. నేను తలుపు వెనక.

అత్తమ్మ మటన్ కూర మీద పచ్చి కొత్తిమీర తుంచి వేసింది. "తిను బిడ్డా. మన మడిదే. వదినె జేసిన ఎరువు."

అలేఖ్య ముద్ద ఎత్తింది.

"తినకు! అందుల పిల్లి పియ్యి ఉన్నది!"

ఎవరిదా గొంతు? నాదే! మామ ముందు! ఆ మాట!

ఆయన ఎగిరిపడ్డాడు. "ఏం మాటనే అది, అన్నం కాడ!"

మామ తల ఎత్తలేదు. "డ్రమ్ముల ఎవలేసిండ్రు?"

"నేనే."

"మీ అత్త మడికి పోసిన నాడే ఎందుకు చెప్పలే?"

"నోరు రాలే, మామా."

అలేఖ్య ముద్ద వదిలేసింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "ఇయ్యాలన్న నోరొచ్చింది, వదినె" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

కూర గోతిలోకి. పండుగ పూట పప్పుచారు. వీరనారి రోజారాణి రెండు వారాల సోమరితనానికి, నాలుగు రోజుల మౌనానికి దక్కిన విందు.

ఆగస్టు 10, ఆదివారం
ఉదయం: మడి మొత్తం తవ్వి, డ్రమ్ములో మిగిలిందంతా కలిపి గోతిలో కుమ్మరించాం. పార ఆయన పట్టాడు. వీడియో లేదు! మూడు నియమాలూ అత్తమ్మకు పైకి చదివి వినిపించాను. మూతి మూడుసార్లు తిప్పింది. పరవాలేదు, వింది.

సాయంత్రం 4: వాన. చేతిలో పిల్లి తట్ట. కడిగిన డ్రమ్ము రెండడుగుల దూరంలో. గొయ్యి పెరడు చివర. ఒక్కసారే కదా... నిలబడిపోయాను.

అరుగు మీద నుంచి మామ: "ఎటు, పిల్లా?"

"గొయ్యి కాడికి, మామా."

కొంగు నెత్తిన కప్పుకుని బురదలోకి దిగాను.

నియమం తప్పకుండా ఒకటో రోజు!