దారాలు విప్పేదాకా

చ్వాన్‌జౌ కొత్త నాటకశాల డైరెక్టర్ గారికి కొయ్యబొమ్మల మేళానికి పెద్దనైన నా వందనాలు.

మీ ఆవిడ నారింజపళ్లు పట్టుకొచ్చి, ప్రారంభోత్సవం నాటినుంచి మీకు కంటిమీద కునుకు లేదని చెప్పారు. విని చాలా బాధపడ్డాను. పళ్లు తియ్యగా ఉన్నాయి.

కొత్త కట్టడంలో ముందు ఝోంగ్ కుయ్ స్వామి దయ్యాలను తరమాలి, ఆ తర్వాతే ఆట. ఆయన బొమ్మకి దారాలు కట్టాక అది బొమ్మ కాదు, స్వామే. మళ్లీ దారాలు విప్పేదాకా అక్కడ ఏ మనిషి పేరూ ఎత్తకూడదు. ఎత్తితే, పారిపోయే దయ్యాలు ఆ మనిషిని వెంటబెట్టుకుపోతాయి. ఇదంతా ముందే చెప్పాను. మీరేమన్నారు?

"ఇది జానపద కళయ్యా, ఈ మూఢనమ్మకాలేంటి? నా పేరు చదవకుండా మొదలుపెడతారా?" అన్నారు. మేం చదవకపోయేసరికి మీరే మైకు లాక్కుని, బిరుదులన్నిటితో సహా చదువుకున్నారు. స్వామి కత్తి దించి మరీ విన్నాడు.

ఇప్పుడేమో విరుగుడు ఉందా అని అడిగిస్తున్నారు. జానపద కళకి విరుగుడేంటండీ?

సరే, ఉంది. ఖాళీ హాల్లో స్వామిని మళ్లీ ఆడిస్తాం. బ్యానరు ఉండదు, ఫొటోలు ఉండవు, మీ పేరు ఎవరూ ఎత్తరు. మీరు చివరి వరసలో నోరు మూసుకుని కూర్చోవాలి. అంతకన్నా దయ్యాలతో పోవడమే నయమనిపిస్తే మొహమాటపడకండి, కబురు చెయ్యండి.

పైన మీ పేరుగానీ కింద నా పేరుగానీ రాయలేదు, గమనించే ఉంటారు. మీ సంగతి తేలలేదని స్వామికి ఇంకా దారాలు విప్పలేదు.