కలుపుకుంటామన్నారు

అక్కా,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఈ పరాయి ఊళ్ళో ఉన్న గుప్పెడుమంది మనవాళ్ళకి, మన భాషలో, నీ గొంతుతో మందుల వేళ గుర్తుచేసే మన యాప్‌ని నిన్న మూసేశారు.

పెద్ద కంపెనీ కొంటోందని తెలిసిన రోజు "మనల్ని వాళ్ళలో కలుపుకుంటారట!" అని నేను గంతులేశాను. "కలుపుకుంటారో, కలుపు మొక్కలా పీకేస్తారో చూసుకోవే" అని నువ్వు నవ్వావు. నీది వేళాకోళమే అనుకుని సంతకం పెట్టేశాను.

నిన్న వాళ్ళ అద్దాల గదిలో మేనేజరు నాకు కాఫీ ఇచ్చి, నవ్వుతూనే చెప్పాడు: "మీవాళ్ళు మా యాప్‌లోకి రావాలంటే మీది ఉండకూడదు కదా. మా భాష మెల్లగా అలవాటవుతుందిలెండి."

కాఫీ ఎప్పుడు తాగానో, లిఫ్టు ఎప్పుడెక్కానో తెలియదు.

పొద్దున అమ్మ బీపీ మాత్ర గుప్పిట్లో పెట్టుకుని ఫోను ముందే కూర్చుంది. "అమ్మా, మందేసుకున్నావా?" అనే నీ గొంతు రాలేదు. చాలాసేపటికి నన్ను అడిగింది: "పెద్దదానికి నామీద కోపమొచ్చిందా?"

అక్కా, ఒక్కసారి తనకి ఫోన్ చెయ్యి. కోపం లేదని చెప్పు. మందేసుకొమ్మని కూడా చెప్పు.

నీ చెల్లి