కుందేలు చెవి

ఏమండీ, ఎంత కొట్టినా మీరు బాత్రూం తలుపు తీయలేదు. నాకు డ్యూటీకి టైమైంది, అందుకే ఈ చీటీ కింది సందులోంచి తోస్తున్నా.

బల్ల మీదున్నది బడివాళ్ళ బెంగల కుందేలు. పిల్లలు వంతులవారీగా ఇంటికి తెచ్చుకుని, మనసులో బెంగ దాని చెవిలో చెప్పుకుంటారు. ఒక చెవి ఊడింది, కుట్టిపెట్టండి. రేపు తిరిగిచ్చేయాలి. పిల్లని తిట్టకండి. అందులో నా మీద చాడీలు చెబుతూ చెబుతూ దాన్ని పీకింది మీ అమ్మగారే.

తా.క. ఇందాక పిల్ల రెండో చెవిలో చెప్పుకుంటుంటే నేనూ అత్తయ్యా తలుపు చాటున నిలబడి విన్నాం. "అమ్మా నానమ్మా పోట్లాడుకుంటే నాన్న బాత్రూంలో దాక్కుంటాడు. అక్కడ ఒక్కడే ఉంటే భయమేస్తుందేమో, నువ్వెళ్ళి తోడుండవా?" అంది.

పోట్లాట ఎప్పుడో ఆగింది. ఇక బయటికి రండి.