జాంబవంతుడికి కొబ్బరి చిప్పలు

మంగళవారం రాత్రి, జంగారెడ్డిగూడెం

ఆసుపత్రిలో మా ఆయన దగ్గర తమ్ముణ్ణి ఉంచి, బట్టల కోసం ఏలూరు నుంచి ఆఖరి బస్సులో వచ్చాను.

ఆ ఎలుగుబంటి జీడితోటల్లోంచి రోజూ మా ఆంజనేయస్వామి గుడి వెనక్కి వస్తుంటే, జాంబవంతుడని కాలనీ అంతా దండాలు పెట్టింది. గుడి పూజారి కాబట్టి, పూజ అయ్యాక ఆయనే దానికి కొబ్బరి చిప్పలు పెట్టేవారు. అది అడవి జంతువండీ, వద్దండీ అని నేను మొత్తుకుంటే నవ్వేవారు.

ఈ పొద్దున ఆయన పళ్ళెం పెడుతుండగా, ఫోటోకి మొహం ఇటు తిప్పడం లేదని ఎవడో వెధవ దాని మీద రాయి విసిరాడు. అది ఎదురుగా ఉన్న ఆయన మీద పడి చెంప చీరేసింది. ఆయన స్పృహ తప్పి పడిపోయారు. నేను పక్కనే ఉన్న మా ఇంట్లోంచి రోకలి తెచ్చి దాని నెత్తిన వేశాను. మొదటి దెబ్బ నాదే. ఆ తర్వాత గునపాలు, కర్రలు. చచ్చాక కూడా కొడుతూనే ఉన్నారు. నేనూ కొట్టాను, ఎవరో రెక్క పట్టుకుని లాగేదాకా.

సాయంత్రం గుడి పెద్ద ఒకాయన ఫోన్ చేశారు. మా ఆయన ఎలా ఉన్నారని కూడా అడగలేదు.

"గుడి ఆవరణలో చచ్చింది కదండీ, సంప్రోక్షణ ఎప్పుడు చేయిద్దామండీ?"

"ముందు ఆ రాయి వేసిన చేతులు కడిగించండి" అని పెట్టేశాను.

నేను బయల్దేరుతుంటే కట్ల మధ్య నుంచి ఆయన మెల్లిగా అడిగారు.

"దాన్నేం చెయ్యలేదు కదా?"

"లేదండీ. తోటల్లోకి వెళ్ళిపోయింది."

"అయితే రేపు చిప్పలు నువ్వు పెట్టు. ఆకలితో వస్తుంది."

సరేనండీ అన్నాను.