మా వీధి ట్రాన్స్‌ఫార్మర్

మంగళవారం, కొవ్వొత్తి వెలుగులో

కళ్లు మూస్తే రాగి తీగ ఇంకా వేళ్ల మధ్య జారుతూనే ఉంది. ఈరోజంతా, ట్రాన్స్‌ఫార్మర్లు చేసే, బాగుచేసే మా షెడ్డులో, ఒక డేటా సెంటర్‌కి వెళ్లే ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ చుట్టాను. చుట్లు పైకే లెక్కపెడతాను, తెలుగులో. లెక్క తప్పుతుందని అప్పుడు ఎవరూ నాతో మాట్లాడరు. మేమంతా దాదా అని పిలిచే మా బెంగాలీ యజమాని కూడా టీ గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి వెళ్లిపోతాడు.

ఆ డేటా సెంటర్ ఎలా ఉంటుందో! మనుషులు లేని పెద్ద చల్లని ఇల్లు అనుకుంటాను. బీరువాల్లాంటి యంత్రాలు వరసగా నిలబడి, నిద్రపోకుండా, లోకం అడిగినవన్నీ వెతికి పెడుతుంటాయట. వాటికి అందే కరెంటు నేను చుట్టిన కాయిల్ దాటుకునే వెళ్లాలి. నా గొంతులోని అంకెలు కూడా దాంతోపాటు వెళ్తాయేమో. అలా తలచుకుంటే ఒళ్లు గాల్లో తేలినట్టు ఉంటుంది.

సాయంత్రం ఇంటికొస్తే అత్తయ్య విసనకర్రతో గుమ్మంలో కూర్చుని ఉంది. తెలుగువాళ్లుండే మా ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధికి కరెంటు పోయి ఇది నాలుగో రోజు.

"మన ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడికి పట్టుకెల్లిపోనారే? నీకేటైనా తెలిసినాదా?" అంది.

"తెలీదత్తా" అన్నాను.

అది మా షెడ్డులోనే ఉంది. కాలిపోయిన కాయిల్‌తో, నా స్టూలుకి రెండడుగుల దూరంలో. "పెద్ద ఆర్డర్ ముందు, ఇది తర్వాత, దీదీ" అన్నాడు దాదా. ఠీక్ హై అన్నాను. మధ్యాహ్నం అన్నం డబ్బా దాని మీదే పెట్టుకుని తిన్నాను.

ఇది రాస్తుంటే అత్తయ్య పక్కన కూర్చుని నాకు విసురుతోంది. ఆవిడకు చదవడం రాదు.