కొలవకుండా పెట్టిన టిక్కు

మే 6, మంగళ
పొద్దున్నే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీకి కెపాసిటర్లు చుట్టిన రీళ్ళు పన్నెండు పట్టుకెళ్ళా. స్టోర్ తలుపు దగ్గరే నిలబడుంది సుజాతక్క — మెషిన్ ఆకలి మీదుంది రఫీ, త్వరగా ఇయ్యి అంటూ. గంటకి వేల ముక్కలు సర్క్యూట్ బోర్డుల మీద పెట్టే మెషిన్... రీలు అయిపోయి ఆగిందంటే మేనేజర్ మొహం చూడలేం. రూలు ప్రకారం ప్రతి రీల్లోంచి ఒక ముక్క తీసి మీటర్‌తో కొలవాలి అక్క, షీట్ మీద టిక్ పెట్టాలి. నేనే అన్నా, "నా రీళ్ళే కదక్కా, కొలిచేదేముంది." నవ్వింది. టిక్కులు పెట్టేసింది. వచ్చేటప్పుడు మా ఆవిడ నస్రీన్‌కని గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టింది.

మే 7
వాన. రీళ్ళు చేసుకునే గరాజ్ సర్దుకోడంతోనే సరిపోయింది.

మే 9, శుక్ర
అక్క ఫోన్. బోర్డులన్నీ టెస్టింగ్‌లో ఫెయిల్ — హాస్పిటల్ సెలైన్ పంపులవి. ఒక కెపాసిటర్ వేరే విలువది పడిందంట, అన్నిట్లో. నా రీలు.
గరాజ్‌లోకి పరిగెత్తా. ఆ ముక్కల మీద రాత ఉండదు, నువ్వుగింజలో సగం, అన్నీ ఒకటే మట్టిరంగు. లేబులే దిక్కు. మిగిలిపోయిన కెపాసిటర్ టేపు ముక్కలు అతికించి రీళ్ళు చేస్తా కదా... ఆ రోజు రెండు రీళ్ళు పక్కపక్కన పెట్టుకుని, రెండు లేబుళ్ళూ ఒకేసారి ప్రింట్ తీసి, చాయ్ తాగుతూ అంటించా. దీనిది దానికి. రెండోది అరలోనే ఉంది. కొలిచా.
తప్పే.

మే 10, శని
వెస్ట్‌మీడ్ వెళ్ళా, అక్క ఫ్లాట్‌కి. గురువారం మీటింగ్ దాకా పనిలోకి రావద్దన్నారంట. ఆ ఉద్యోగం మీదే వీసా, అది పోతే దేశం వదిలెళ్ళాలి. వాళ్ళమ్మాయి తలుపు తీసి "షీ హాజంట్ ఈటెన్, అంకుల్" అని లోపలికెళ్ళిపోయింది.
కొలవద్దన్నది నేనని వాళ్ళకి చెప్పలేదు అక్క. ఎందుకు చెప్పలేదని అడిగితే —
"నువ్వన్నావంటే నా టిక్కు చెరిగిపోద్దా? ఒకళ్ళం మునిగితే చాలదా."
నాకు టీ పెట్టింది.

మే 11
మేనేజర్‌కి నిజం చెప్పేస్తానని నస్రీన్‌కి చెప్పా. మనకున్నది ఆ ఒక్క ఫ్యాక్టరీయే కదా అంది. అనేసి, రేపు వేసుకెళ్ళమని చొక్కా ఇస్త్రీ చేసింది.

మే 12, సోమ
రెండో రీలు తీసుకెళ్ళి మేనేజర్ ముందు పెట్టా. లేబుల్ నాది, కొలవద్దన్నదీ నేనే అని చెప్పా. వింటూ రాసుకున్నాడు. ఇక రీళ్ళు తేవద్దన్నాడు, మర్యాదగానే. అక్క సంగతేంటని అడిగా. లేబుల్ నీ తప్పు, కొలవకుండా టిక్ పెట్టడం ఆమె తప్పు అన్నాడు.
అక్కకి మెసేజ్ పెట్టా. చూసింది.

మే 14
అక్క మెసేజ్. రేపు నన్ను దింపుతావా — అంతే.

మే 15, గురు
ఫ్యాక్టరీ కార్‌పార్క్‌లో కూర్చుని ఫోన్‌లో టైప్ చేస్తున్నా. మేనేజర్‌కి ఎందుకు చెప్పావని దారిలో అడగలా అక్క. దిగేముందు మాత్రం కోటు కాలర్ సర్దుకుని, బాగుందా అంది. బాగుందక్కా అన్నా.
లోపలికెళ్ళి నలభై నిమిషాలు. షెడ్డు తలుపు బార్లా తీసుంది, మెషిన్ టకటకా ఆగకుండా నడుస్తోంది. అక్క జాగాలో నిలబడి ఎవరో రీళ్ళు అందిస్తున్నారు.
అక్క ఇంకా రాలా...