ఇక్కడే ఉండిపోయిన పాములు

మంగళవారం, రాత్రి

పరిశోధనకు పనికొచ్చేవి ఎవరి దగ్గర ఏమున్నాయో మెడికల్ కాలేజీలూ ఆసుపత్రులూ రాసుకునే ఉమ్మడి జాబితాలో, మా చిన్న ఆసుపత్రి స్టోర్‌లో చచ్చిన పాముల్ని దాచిన సీసాలను కూడా చేర్చాను. ఎవరికి కావాలిలే అన్న అనుమానంతోనే చేర్చాను. నెల దాటినా ఎవరూ అడగలేదని, ఆ అరలు ఖాళీ చేసేయమని శుక్రవారం అటెండర్ కరీం గారికి చెప్పేశాను.

ఈరోజు విజయవాడ నుంచి ఒక పరిశోధకురాలు ఫోన్ చేసింది. దివిసీమలో పాము కరిస్తే దాన్ని చంపి, మనిషితో పాటే మోసుకొస్తారు. మనిషికి ఒక నంబరు వేసి మేం విజయవాడ పెద్దాసుపత్రికి పంపేస్తాం, పాము అదే నంబరూ ఆ మనిషి ఊరూ రాసిన చీటీతో సీసాలో మా దగ్గర ఉండిపోతుంది. అలా వెళ్లినవాళ్ల రక్తం ఏళ్లుగా ఆమె ఫ్రీజర్‌లో ఉందట, కరిచింది ఏ పామో తెలియకుండా.

ఫోన్ చేతిలో పట్టుకునే స్టోర్‌కు పరుగెత్తాను. సీసాలన్నీ అక్కడే ఉన్నాయి.

"పారేయలేదా కరీం గారూ?"

"చీటీ మీద మా అత్తగారి ఊరు కనబడింది మేడమ్. అత్తారి ఊరి పాముని పారేస్తే మా ఆవిడ ఊరుకుంటుందా?"

నవ్వుతూనే ఒక చీటీ మీది నంబరు ఫోన్‌లో చదివాను. పాలకాయతిప్ప మనిషి, కట్లపాము. అవతల కాసేపు కాగితాల చప్పుడు.

"ఉందండీ! ఆవిడ బతికి ఇంటికెళ్లింది."

పంపినవాళ్లు ఏమయ్యారో మాకు ఎప్పుడూ తెలియదు. సాయంత్రం దాకా ఒక్కో నంబరూ చదువుతూ కూర్చున్నాను.

రెండేళ్ల క్రితం ఇలాంటి పాము సీసాల బీరువానే ఒకటి నా సంతకంతో ఖాళీ చేయించాను. ఆ చీటీల మీద ఏ ఊళ్లున్నాయో చూడనైనా లేదు. రేపు ఆమె ఆ నంబర్లు అడిగితే, ఆ సీసాలు నేనే పారేయించానని చెప్పాలి.